నేనే బిగించిన అద్దం

ఆదివారం రాత్రి, గోపన్‌పల్లి

కారు అద్దం నేనే బిగిస్తానని ఎందుకన్నానో. వీడియోలో ఆ మనిషి పావుగంటలో ముగించాడు. నాకు రోజంతా పట్టింది. సునీత, పాప గ్రేసీ నేను లేకుండానే చర్చికి వెళ్లొచ్చారు. డోరు ప్యానెల్ ఊడదీస్తే మూడు క్లిప్పులు విరిగాయి. కొత్త అద్దం రెండుసార్లు జారి డోరు లోపల పడింది. ఎంత దులిపినా పాత గాజుముక్కలు ఇంకా గలగలమంటూనే ఉన్నాయి.

మెకానిక్‌ను పిలిస్తే గంటలో అయ్యే పని. కానీ ఎలా పగిలిందని అతనూ అడుగుతాడు. నిన్న బోరబండలో అద్దం అమ్మినాయన అడగనే అడిగాడు, "ఎట్ల పగిలిందన్నా?" అని. క్రికెట్ బంతి తగిలిందన్నాను. సునీతకు చెప్పిందీ అదే.

శుక్రవారం ఆఫీసు కాల్ వస్తే మాట్లాడటానికి కారు దిగాను. తాళంచెవి లోపలే ఉండిపోయింది, తలుపులు లాకయ్యాయి. వెనక సీట్లో గ్రేసీ నిద్రపోతోందిలే అనుకున్నాను. కాల్ ముగించి వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి దాని గొంతు పోయింది. వాచ్‌మన్ మల్లయ్య ఇటుకతో ముందు డోరు అద్దం పగలగొట్టి పాపను బయటికి తీశాడు. "ఆ ఫోన్ జర పక్కకు పెట్టు సారూ" అన్నాడు, అంతే.

ఇవాళ సాయంత్రం అద్దం ఎలా ఉందో చూద్దామని ఇద్దరినీ ఎక్కించుకుని బయల్దేరాను. ఏసీ వేసి అద్దం ఎత్తుతుంటే వెనక నుంచి గ్రేసీ, "మూయొద్దు నాన్నా" అంది.

"ఎందుకమ్మా?" అంది సునీత.

"ఫోన్ వస్తే నాన్న దిగిపోతాడు."

అద్దం దించేశాను. సునీత ఇంతవరకూ ఏమీ అడగలేదు.