దేవునికి దండ, ఇంజన్‌కు గాలి

ఏమయ్యా...

బాగున్నావా? నువ్వు పోయి ఏడు నెలలు దాటింది. ఎండలు ముదరకముందే పోయావు, ఇప్పుడు పొద్దున పూట మంచు పడుతోంది. పెళ్లయిన కొత్తలో పేరు పెట్టి పిలవమని నువ్వెంత సతాయించినా నా నోట రాలేదు. ఇప్పుడు కాగితం మీద రాద్దామన్నా చెయ్యి ఆగిపోతోంది. ఈ ‘ఏమయ్యా’తోనే సరిపెట్టుకో.

నువ్వు ముందు ఏం అడుగుతావో నాకు తెలుసు. ఊరికి పోయి వస్తే నా మొహం కంటే ముందు షెడ్డులోకి తొంగిచూసే మనిషివి కదా. ట్రాక్టర్ బండి బాగుంది. నీ చిన్న భార్యకు ఏమీ కాలేదు, పరేషాన్ కాకు.

నేనెట్లా ఉన్నానని అడగవా? అడిగితే మాత్రం ఏం చెప్పను...

నువ్వు పోయాక నాలుగు నెలలు ఆ షెడ్డు దిక్కు చూడలేదు. నీ తమ్ముడు రాజు దానిమీద పట్టా కప్పి తాళ్లు కట్టిపోయాడు. పొద్దున లేవగానే ఆ కప్పిన ఆకారం కనబడితే మొహం తిప్పుకునేదాన్ని. దవాఖానకు తీసుకుపోయేటప్పుడు నీ మీద కూడా అట్లాగే దుప్పటి కప్పారు. చలి పెడుతుందని కప్పారనుకున్నాను నేను.

దినాలు అయ్యాక రాజు కూర్చోబెట్టి చెప్పాడు. నిలబెట్టిన బండి పాడవుతుందట. ఆడమనిషి ఒక్కతే ఎట్లా నడుపుతుందట. జఫర్‌గఢ్‌లో ఒకాయన అడుగుతున్నాడట. రాజు చెడ్డవాడు కాదు, నీకూ తెలుసు. భూపాలపల్లిలో తన ఉద్యోగం తనది, వారం వారం వచ్చి చూసుకోలేడు. దీపావళి దాకా ఆగు, నావల్ల కాకపోతే నువ్వే అమ్మెయ్యి అన్నాను.

నర్మెట్టలో మా బాపు ఎడ్లను అమ్మిన నాడు కొట్టంలో ఖాళీ గుంజ మిగిలింది. అమ్మ చాలా రోజులు ఆ గుంజ దగ్గర కుడితి పెట్టి వచ్చేది, అలవాటుకొద్దీ. ఈ బండి కూడా పోతే నీ చెయ్యి పడిన వస్తువు ఈ ఇంట్లో ఇంకేముంది? నేను పోగొట్టుకోగలిగింది అదొక్కటే మిగిలింది.

అందుకే పట్టా విప్పాను.

ఎలుకలు హెడ్‌లైట్ వైరు కొరికేశాయి. బ్యాటరీ తలల మీద తెల్లటి పొడి పూసింది. తాళం తిప్పితే టక్కుమని ఆగిపోయింది. ఎవరిని అడగాలో తెలియక కాసేపు నిలబడ్డాను. అప్పుడు... నవ్వకు... నువ్వు వినబడ్డావు.

నీకొక అలవాటుండేది కదా, చేసే పనిని నోటితో చెప్పుకుంటూ చేసేవాడివి. షెడ్డులో నువ్వు, వంటింట్లో నేను. ఎవరితో మాట్లాడుతున్నాడీ మనిషి, సవతితోనా అని కూర కలుపుతూ గొణుక్కునేదాన్ని. అన్నేళ్లు ఆ గోడ అవతల నుంచి విన్నదంతా నా చెవుల్లోనే ఉండిపోయింది. నాకే తెలియదు.

“ముందు మైనస్ తీయాలె. పెట్టేటప్పుడు ఆఖరుకు మైనస్ పెట్టాలె. ఉడుకు నీళ్లతోటి కడిగి, ఆరినంక జరంత వ్యాసిలిన్ రుద్దాలె.” అట్లాగే చేశాను. బ్యాటరీని మొగుళ్లపల్లి తీసుకుపోయి చార్జింగ్ పెట్టించాను. అక్కడి మెకానిక్‌ను ఇంటికి పిలిచి వైరు కూడా అతికించుకున్నాను. షెడ్డు మూలన గడ్డి మోపులు పెట్టకపోతే ఎలుకలు రావని అతను చెప్పాడు. నువ్వు ఎన్నిసార్లు చెప్పావు, వినలేదు కదా నేను.

“ఆయిల్ సూసేటప్పుడు ఇంజన్ సల్లగుండాలె, బండి సాపు జాగల ఉండాలె. పుల్ల తీసి తుడువు, మల్ల ముంచు, గప్పుడు సూడు.” పుల్ల మీద రెండు గీతల మధ్య ఆయిల్ మెరిస్తే నాకు ఏడుపొచ్చింది. చివరిసారి పోసింది నువ్వే.

నడపడం నువ్వే నేర్పావు గుర్తుందా... పంట లేని ఎండాకాలం, బీడులో. “క్లచ్ మీద కాలు పెట్టి కూసుంటవేందే, గదేమన్న పీటనా? ప్లేట్లు అరుగుతయి.” ఆ రోజు అలిగి దిగిపోయాను. ఇప్పుడు క్లచ్ తొక్కి వదిలిన ప్రతిసారీ కాలు తీసి కింద పెడుతున్నాను. ఒక్కసారి మళ్లీ అట్లా తిట్టరాదా... పడతాను.

కొంగు సంగతి కూడా మరిచిపోలేదు. “వెనక తిరిగే షాఫ్ట్ కాడికి కొంగు ఏలాడేసుకోని రాకు. గది మనిషిని గుర్తుపట్టది.” చీర కొంగు నడుం చుట్టూ గట్టిగా దోపుకుని, పైన నీ చొక్కా వేసుకుని బొత్తాలన్నీ పెట్టుకుంటున్నాను. నీలం గీతల చొక్కా. పత్తి ఏరే ఆడవాళ్లంతా మొగుళ్ల చొక్కాలే వేసుకుంటారు, ఎవరికీ వింత కాదు. జేబు దగ్గర గ్రీసు మరక ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. పోకుండా నేనే పైపైన ఉతుకుతున్నానేమో.

కిరాయి పనులు మాత్రం అంత తొందరగా రాలేదయ్యా. ఎదురుపడ్డ ప్రతివాళ్లూ డ్రైవర్ దొరికాడా అని అడిగేవాళ్లు. డ్రైవర్ ఎదురుగా నిలబడి ఉంటే! కొందరికి ముండమోసింది చేలో మొదటి సాలు తోలడం ఇష్టం లేదు. నా వెనక అన్న మాట కూడా నా దాకా వచ్చింది. ఆ పూట అన్నం సయించలేదు. మన చేనే దున్నుకున్నాను. పెద్ద బండ్లు దూరలేని సాళ్లలో కలుపు తీయాలంటే మన చిన్న బండే కావాలి, ఎన్నాళ్లు ఆగుతారో చూద్దామని మొండికేశాను. వారానికోసారి మాత్రం ఇంజన్ ఆన్ చేసి వేడెక్కేదాకా ఉంచేదాన్ని. పొద్దుగూకాక డీజిల్ నింపేదాన్ని. “ఖాళీ ట్యాంకుల రాత్రికి చెమ్మ పట్టి నీళ్లు దిగుతయి” అనేవాడివి కదా.

దసరా వచ్చింది. నీ బిడ్డ అనూష హాస్టల్ నుంచి వచ్చింది. నాయిన లేని మొదటి దసరా, నాయిన బండికి ఈసారి అందరికంటే పెద్ద దండ వెయ్యాలని పట్టుబట్టింది. ఇద్దరం కూర్చుని గంపెడు బంతిపూలు గుచ్చాం. మిగిలిన పూలతో నీ ఫోటోకు కూడా. బండి ముందర ఇనుప జాలి మొత్తం కప్పేసేలా అడ్డంగా మూడు వరుసలు కట్టింది పిల్ల. పసుపు, కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. బండి ఎంత కళగా ఉందో... నువ్వుంటే చుట్టూ తిరిగి మీసం దువ్వుకునేవాడివి.

పిల్ల హాస్టల్‌కు పోయింది. దండ మాత్రం అట్లాగే ఉంది. విప్పబుద్ధి కాలేదు. పిల్ల ఏడ్చుకుంటూ గుచ్చిన దండ అది, ఎట్లా తీసి పారేస్తాను?

ఆ తర్వాతే తండా నుంచి బుజ్జమ్మ ఫోన్ చేసింది. ఆమె డ్రైవర్ సంగతి అడగలేదు. మిరప సాళ్లలో కలుపు పోయేలా గుంటుక తోలాలి, నువ్వొస్తావా అని మాత్రం అడిగింది. ఫోన్ పెట్టేశాక నీ ఫోటో ముందు నిలబడి గట్టిగా నవ్వాను. బయటి వాళ్లు వింటే పిచ్చిదనుకునేవారు.

తోలడానికి పోయిన రోజు రాజు కూడా చేను దగ్గరికి వచ్చాడు. జఫర్‌గఢ్ ఆయన మర్నాడు బండి చూడడానికి వస్తున్నాడట. దీపావళి ఇంకా రాలేదు కదా అన్నాను. చూసి పోతాడు అంతే అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా.

మొదట బాగానే నడిచింది. మిరప మొక్కకు ఆకు కూడా తెగలేదు. మలుపు వచ్చిన ప్రతిసారీ గుంటుక లేపి తిప్పాను, నువ్వు చెప్పినట్టే. సగం చేను కూడా కాలేదు... వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి.

రాజు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

“కాగిందని ఒక్కసారే బందు పెట్టకు. బరువు తీసెయ్యి, రేసు తగ్గించి జర సేపు మెల్లగ తిరగనియ్యి.” గుంటుక లేపి, న్యూట్రల్ చేసి, రేసు తగ్గించాను. ముల్లు కొంచెం దిగాక ఆపాను. చెయ్యి రేడియేటర్ మూత మీదికి పోబోయింది. “ఉడుకుమీదున్నప్పుడు మూత ముట్టకు. మొహం కాలుతది. గది నీ కోపం లెక్క, దానంతల అదే సల్లారాలె.” చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ మంటలో కూడా నన్నొక మాట అనకుండా ఉండవు కదా నువ్వు!

చల్లారాక చూస్తే నీళ్లు కొంచెమే తగ్గాయి. వెంట తెచ్చుకున్న కూలెంట్ కలిపిన నీళ్లే పోశాను, బోరు నీళ్లు కాదు, ఉప్పు పేరుకుంటుందని. ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కి చూశాను, బిగువుగానే ఉంది. ఇంకేం చూడాలి? నీ మాటలన్నీ అయిపోయాయి. చెవులు రిక్కించి కూర్చున్నాను, ఏమీ వినబడలేదు. గట్టు మీద కూలబడి నీ చొక్కా చేతిలో మొహం దాచుకున్నాను. డీజిల్ వాసన కూడా ఎప్పుడో పోయింది దాంట్లోంచి... ఎందుకు పోయావయ్యా అంత తొందరగా? ఆ ఒక్క మాట కూడా చెప్పి పోవచ్చు కదా?

బుజ్జమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కోడలితో వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఆ పిల్ల మోదుగాకులో జొన్నరొట్టె పెట్టి తెచ్చి ఇచ్చింది. రొట్టె తిన్నాను. ఆకు చేతిలో మిగిలింది.

ఆ ఆకును చూస్తే గుర్తొచ్చింది. అనూష చిన్నప్పుడు దానికొక ఆట చూపించేవాడివి. ఇంజన్ నడుస్తుంటే ముందర జాలికి మోదుగాకు ఆనించి వదిలేవాడివి. ఆకు పడకుండా అతుక్కుని నిలిస్తే పిల్ల చప్పట్లు కొట్టేది. “సూసినవా బిడ్డా, బండి ఊపిరి గుంజుతాంది.”

లేచాను. ఇంజన్ ఆన్ చేసి, దండ పక్కకు జరిపి, జాలికి ఆకు ఆనించాను. ఆకు కింద పడింది. మళ్లీ ఆనించాను. మళ్లీ పడింది.

ఇంజన్ ఆపి ముందర జాలి ఊడదీశాను. లోపల రేడియేటర్ నిండా బంతిపూల రెక్కలు... ఎండి, దుమ్ముతో కలిసి, అలికినట్టు అతుక్కుపోయి ఉన్నాయి. మేం కట్టిన పూలే దానికి ఊపిరాడకుండా చేశాయి. ప్రతి దసరాకు హారతి చల్లారకముందే దండ తీసేసేవాడివి, అంత తొందరేందని నేను పోట్లాడేదాన్ని. “దేవునికి దండ, ఇంజన్‌కు గాలి” అనేవాడివి. ఏదో నవ్వులాటకు అంటున్నావనుకున్నాను.

దండ విప్పి గట్టు మీద పెట్టాను. పూర్తిగా చల్లారాక, ఇంజన్ వైపు నుంచి ముందుకు మెల్లగా నీళ్లు కొట్టాను. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది, జోరుగా కొడితే సన్న రేకులు వంగుతాయి. అదీ గోడ అవతల నుంచి విన్నదే. రాజు బిందెలతో నీళ్లు మోశాడు. జాలి బిగించి, మళ్లీ ఆన్ చేసి ఆకు ఆనిస్తే టప్పున అతుక్కుంది.

రాజు జాలి మీది ఆ ఆకు తీసుకుని తనూ ఆనించి చూశాడు. తీసి మళ్లీ ఆనించాడు. తర్వాత అటు తిరిగి నిలబడ్డాడు. అతనికీ అన్నవే కదా నువ్వు.

పొద్దుగూకకముందే బుజ్జమ్మ చేను పూర్తిచేశాను. ముల్లు కదల్లేదు.

మర్నాడు జఫర్‌గఢ్ ఆయన వచ్చాడు. బానెట్ ఎత్తి చూశాడు, ఇంజన్ చప్పుడు విన్నాడు, ఇంత బాగా చూసుకున్న బండిని ఈ మధ్య చూడలేదని ఇప్పుడే తోలుకుపోతానన్నాడు. చూశావా, నేను బాగుచేసి పెట్టింది ఆయనకు నచ్చడానికా? రాజు నా దిక్కు చూశాడు. పరాయి మగవాళ్ల ముందు ఎన్నడూ నోరెత్తని దాన్ని, ఈ బండి అమ్మేది కాదని చెప్పేశాను. రాజు జేబులోంచి రెండో తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, వచ్చినాయనకు చాయ్ పెట్టమన్నాడు.

వాళ్లు పోయాక ఇంట్లోకి వచ్చి నీ ఫోటో చూశాను. దసరా నాటి దండే. పూలు ఎండిపోయి నీ గడ్డం దాకా మూసేశాయి. ఇన్ని రోజులు చూస్తూనే ఉన్నాను, కనబడనే లేదు. దండ తీసేశాను. అద్దం తుడిచాను. నీకూ గాలి ఆడాలి కదా.

చొక్కా జేబులో చేను నుంచి తెచ్చుకున్న మోదుగాకు ఇంకా ఉంది. నన్ను తిట్టకు... దాన్ని నీ ఫోటోకు ఆనించి వదిలాను.

కింద పడింది.

పడుతుందని తెలుసయ్యా. తెలిసే ఆనించాను.

సరే, పొద్దెక్కుతోంది. ఇంజన్ వేడెక్కకముందే ఆయిల్ చూడాలి. గ్రీసు కొట్టే ముందు అది లోపలికి పోయే నిప్పల్ తుడుస్తాను. వచ్చే దసరాకు దండ వేస్తాను, హారతి చల్లారకముందే తీసేస్తాను. దాని ఊపిరి నేను చూసుకుంటాను, దానికోసం నువ్వు బెంగపడకు.

ఎప్పుడన్నా... నా కోసం కూడా కాస్త బెంగపడు.

ఇట్లు,
నీ పెద్ద భార్య