మంగళవారం లక్ష్మి అనబడే లక్ష్మీనర్సింహులు

వైద్యాధికారి గారి సముఖమునకు,
ప్రభుత్వ దవాఖాన, గుండ్లచెలిమ.

అయ్యా,

విషయం: దవాఖాన కంప్యూటరులో నన్ను స్త్రీగా నమోదు చేసిన పొరపాటును దయతో దిద్దకుండా అట్లే ఉంచుట గురించి.

పై విషయమై తమరికి మనవి చేయునది ఏమనగా, నేను గుండ్లచెలిమ నేతవాడ నివాసిని, రాపోలు లక్ష్మీనర్సింహులు అనువాడను, వృత్తి చేనేత, యాభై ఎనిమిదేండ్ల మగవాడిని. ఈ చివరి సంగతి ఇంతకుముందు ఏ అర్జీలోనూ ప్రత్యేకించి రాయవలసిన అవసరం రాలేదు.

1. కొంతకాలంగా నా నడుము, మోకాళ్లు నా మాట వినుట లేదు. పొద్దంతా మగ్గం గుంతలో కాళ్లు దించి కూర్చుంటే సాయంత్రానికి పైకి ఎక్కుట సాధ్యమగుట లేదు. నా భార్య ఆండాళు చంకల కింద చేతులు పెట్టి లేపవలసి వస్తున్నది. లేపినప్పుడల్లా "బియ్యం బస్తా నయం, మూల్గకుంట లేస్తది" అంటున్నది. కాలికింది చెక్కలు తొక్కలేని నాడు మగ్గం విప్పి, చౌటుప్పల్ దిక్కు ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మెన్‌గా నిలబడవలసి వచ్చును. నాకు వచ్చిన విద్య నేత ఒక్కటే.

2. తమ వద్ద చూపించుకొనగా తమరు నా మొహం చూసి "కల్లు తాగుతవా?" అని అడిగి, పూతమందు రాసి పంపించితిరి. తదుపరి మా ఆండాళు ఉత్త తలనొప్పితో మంగళవారం నాటి ఆడవాళ్ల శిబిరానికి రాగా, కల్లు ఊసే ఎత్తక, కూర్చోబెట్టి, రక్తం తీసి, డి విటమిన్ పరీక్ష చేయించితిరి. ఆమెకు డి నిండుగా ఉన్నదని తేలినది. (మా ఇంట్లో కల్లు సంగతి అడగదగిన మనిషి ఆమెయే. ఈ ముక్క ఆమెకు తెలియనీయవద్దని ప్రార్థన.)

3. "నాగ్గూడ గా పరీక్ష జెయ్యి బిడ్డా" అని నర్సు నిహారిక గారిని అడిగితిని. "గది ఆడోళ్లకే పెదనాయినా. ఆడోళ్లు ఇంట్ల నీడపట్టున ఉంటరు, డి తగ్గుతది. మగోళ్లు ఎండల తిరుగుతరు గదా, మీకేం ఫికర్ లేదు పో" అని సెలవిచ్చినారు.

అయ్యా, ఈ సూత్రం రాసిన వారెవరో గాని వాళ్లు నేతోళ్ల ఇల్లు తొక్కలేదు. మగ్గం మీద ఉన్నన్నాళ్లూ రంగు నూలుకు ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, పోగు ఎండి తెగుతుంది. అందుకే మా మగ్గం అర్రకు ఉన్న ఒక్క కిటికీకీ గోనెపట్టా కట్టి ఉంటుంది. పెండ్లయిన నాటి నుంచి పగటి సూర్యుడికి నా మొహం తెలియదు. వీధిలో పడుగు సాగదీసేది ఆండాళు, నూలు ఆరేసేది ఆండాళు, వడియాలకు కాపలా ఆండాళు. మా ఇంట్లో ఎండ ఆమె వాటా, నీడ నా వాటా. పరీక్ష కూడా ఆమె వాటాకే పోయినది. ఇదెక్కడి న్యాయం?

4. నొప్పికి ఓర్వలేక మరొక మంగళవారం ఆండాళు వెంట వచ్చి ఆడవాళ్ల వరుసలోనే నిలబడితిని. కంప్యూటరు ముందున్న దయాకర్ తల ఎత్తకుండా పేరు అడిగినాడు. చెప్పితిని. ఆ గడిలో నా పేరు సగమే పట్టినది. అమ్మవారు లోపలికి పోయినది, నర్సింహస్వామి బయట ఉండిపోయినాడు. శిబిరం రోజు గనుక పక్క గడిలో "స్త్రీ" అని దానంతట అదే పడినది. నేను నోరు తెరిచేలోపల ఆండాళు నా కాలు తొక్కి "నోర్మూసుకో, ముందుగాల రక్తం తియ్యనియ్" అన్నది. తొక్కినది నొప్పి ఉన్న కాలే.

5. ఆనాడు నిహారిక గారు సెలవు, రక్తం తీసినవారు చీటీనే చూసినారు గాని నా మొహం చూడలేదు. ఫలితము: నాకు డి ఉండవలసిన దాంట్లో సగం కూడా లేదని తేలినది. వారానికొక మందు పొట్లం పాలల్లో కలిపి తాగమన్నారు, కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష అన్నారు. తాగుచున్నాను. మొన్న సాయంత్రం ఎవరినీ పిలవకుండా నేనే గుంతలోంచి ఎక్కి, వాకిట్లో ఆండాళు వెనక నిలబడి "బస్తా వచ్చింది" అన్నాను. ఆమె తిరిగి చూసి, చేతిలోని చాట కింద పెట్టి ఏడ్చింది. "మగ్గం ఇప్పుతవనుకున్ననయ్యా" అన్నది. అర్జీలో ఇట్లాంటివి రాయకూడదని తెలుసు. రాసినాను.

6. స్త్రీగా ఉండుటలో ఇబ్బందులు లేకపోలేదు. తమ దవాఖాన నుంచి ఫోను వచ్చి "లక్ష్మమ్మగారూ, మీకు నెలసరి ఆగి ఎన్నేండ్లయింది?" అని అడిగినారు. "ఇంట్ల అడిగి చెప్త" అని ఫోను ఆండాళుకు ఇచ్చితిని. ఆమె ఇంకా నవ్వుచున్నది.

7. ఇట్లుండగా నిన్న పొట్లం కోసం వస్తే దయాకర్ మొదటిసారి తల ఎత్తినాడు. నా మీసం చూసి, తెర చూసి, "పెద్దమనిషీ, గిది తప్పు పడ్డది, పురుషుడు అని దిద్దుత" అన్నాడు. "దిద్దితే?" "పొట్లాలు బంద్. రెండో పరీక్ష గూడ రాదు." "గట్లయితె దిద్దకు" అన్నాను. "పెద్దసారు రాసిస్తెనే" అన్నాడు. అందుకే ఈ అర్జీ.

కావున తమరు దయయుంచి, నీడలో పనిచేయు మగవారికి కూడా డి పరీక్ష చేయుటకు ఉత్తరువు ఇవ్వవలెను. అంతవరకు నన్ను లక్ష్మిగానే కొనసాగించవలెను. నా మగతనమునకు తొందర లేదు, మోకాళ్లకు ఉన్నది. ఈ సంగతంతా నవ్వకుండా, వీలుకానిచో నవ్వుతూనైనా, చిత్తగించవలెనని వేడుకోలు.

ఇట్లు,
తమ విధేయుడు
(మంగళవారాల్లో విధేయురాలు)
రాపోలు లక్ష్మీనర్సింహులు

తా.క.: ఈ సంగతి వాడంతా పాకినది. వచ్చే మంగళవారం సీత, గౌరి, ఉమ అనువారు తమ వద్దకు వస్తారు. పూర్తి పేర్లు సీతారాములు, గౌరీశంకర్, ఉమామహేశ్వర్. మీసాలు చూసి జడుసుకోవద్దని నిహారిక గారికి ముందే చెప్పగలరు.

కాని మా పక్కింటి అంజయ్య ఉన్నాడు. మా అందరికంటే పెద్దవాడు. గుంతలోంచి లేపేందుకు ఇంట్లో ఎవరూ లేరు, దూలానికి తాడు కట్టుకొని దాన్ని పట్టుకొని పైకి పాకుతాడు. "నర్సింహులూ, నా పేర్ల యాడన్న ఒక అమ్మవారు ఉన్నదా, జర సూడు" అని పొద్దున వచ్చి అడిగినాడు. నేను చాలాసేపు చూసినాను. లేదు. నాకు నవ్వు రాలేదు.

అయ్యా, నన్ను ఎట్లయినా రాసుకోండి. అంజయ్యకు మాత్రం అంజయ్యగానే రక్తం తీయండి.