పూలు చూడ్డానికి ఒక్కడినే

సుగుణా,

నీ సంవత్సరీకం అయిపోయింది. ఫ్యాక్టరీ నన్ను కొత్త మిషన్ల శిక్షణకు జపాను పంపుతోంది. వంటింటి కేలండర్లో నువ్వు చూపించిన చెర్రీపూలు పూసే నెలనే అడిగి తీసుకున్నాను. టోక్యో, క్యోటో, ఒసాకా, మూడు ఊళ్లూ ఒక్కడినే తిరగాలి.

మీ అత్తమ్మ మాత్రం నమ్మడం లేదు. "పూలు సూడనీకె ఒక్కనివే పోతవా? ఎంబడి ఎవరొస్తున్నరు రా?" అని రోజూ ఆరా. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన పోలీసు కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదు.

నిన్న నా ముందే పెట్టె విప్పింది. అడుగున ఆడవాళ్ల స్వెట్టరు దొరికింది.

"ఇగో! గిదెవరిది?" అని పైకెత్తింది. మోచేతి దగ్గర నువ్వు వేసిన పచ్చదారం కుట్లు కనిపించాయి.

అమ్మ దాన్ని నెమ్మదిగా మడతపెట్టింది.

"దానికి సలి ఎక్కువ బిడ్డా. పైననే పెట్టుకో."