పూతలపట్టు బస్సు హారన్

రమణన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇళ్ళ నుంచే పనిచేసే మన ఆఫీసు టీమ్‌ను కలిపి ఉంచే పని ఇప్పుడు నా మీద పడింది. శుక్రవారం సాయంత్రం గంటసేపు అందరినీ ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టి ఆటలాడించాలట. ఎవరిళ్ళలో వాళ్ళు కెమెరాలు ఆపేసి, మైకులు మూసేసి ఉంటారు. చిత్తూరులో నా గదిలో కూర్చుని, తెరమీది ఆ నల్లటి గళ్ళకు జోకులు చెప్పి చెప్పి విసిగిపోయానన్నా.

నువ్వున్నప్పుడు ఈ ఆటలేవీ లేవు. మీ ఇల్లు పూతలపట్టు కూడలిలో. నీ మైకులోంచి బస్సుల హారన్లు మోగుతుంటే, మ్యూట్ చెయ్యమని అందరం గోల పెట్టేవాళ్ళం.

"ఉండనీండబ్బా, నేను యాడుండానో మీకు తెలియాల గదా" అనేవాడివి.

ఈరోజు ఆట మధ్యలో టకటకమని ఒకటే చప్పుడు. నగరి నుంచి పనిచేసే కొత్తమ్మాయి మైకు మూయడం మరిచిపోయింది.

"సారీ అన్నా, మా నాయన మగ్గం ఆడిస్తా ఉండాడు. మ్యూట్ చేస్తా" అంది.

"వద్దుమ్మా, ఉండనీ" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

కాసేపటికి బంగారుపాళ్యంలో ఉండే అక్క మైకు తెరిస్తే కుక్కర్ కూత వినిపించింది. "ఏం వండతా ఉండారక్కా?" అని ఎవరో అడిగారు. ఇంకెవరింట్లోనో పసిబిడ్డ ఏడ్చింది. ఒక్కొక్కరే మైకులు తెరిచారు. నేను తయారుచేసుకున్న ఆట ఎవరికీ గుర్తు రాలేదు. గంట దాటినా ఎవరూ వెళ్ళలేదు.

నేను మాట్లాడడం మానేసి వింటూ కూర్చున్నాను. ఎవరెక్కడున్నారో తెలిసింది.

నువ్వు యాడుండావో అదొక్కటే తెలియలేదన్నా.