మొరవ మీద ఒక్క అడుగు

8 నవంబరు 1985, శుక్రవారం

దేవస్థానం వారి డైరీ జనవరిలో వచ్చింది. ఇంతవరకు అట్ట మీద పేరు తప్ప ఏమీ రాయలేదు. నా రాతంతా వానల పుస్తకంలోనే. ఉదయం ఎనిమిదిన్నరకు దొడ్లోని రెయిన్ గేజి దగ్గరికి వెళ్లి, నీళ్లను గాజు కొలపాత్రలో పోసి చూడడం. తేదీ, అంగుళాలు, చివర రిమార్కు. నాయన చేతి నుంచి నా చేతికి వచ్చిన పని. ఇద్దరిదీ కలిపి యాభై ఏళ్లు దాటింది. రిమార్కు గడిలో నాలుగు మాటలకు మించి పట్టవు. ఇవాళ అంతకు మించి రాయాలనిపించింది. అందుకే ఈ డైరీ తీశాను.

కారణం నా మనవరాలు వకుళ. రోజూ బస్సులో తిరుపతి వెళ్లి ఇంగ్లీషు మీడియంలో ఐదో తరగతి చదువుతోంది. వచ్చే శుక్రవారానికి 'ఫ్లడ్స్' మీద కాంపోజిషన్ రాయాలి. కాజెస్ ఐదు, ప్రివెన్షన్ ఐదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించింది. హెవీ రెయిన్, కటింగ్ ఆఫ్ ట్రీస్. ఊరి బడిలో ముప్పై ఎనిమిదేళ్లు పాఠం చెప్పినదాన్ని, దించిన రాత నాకు తెలియదా? కాగితం చింపేశాను. మన ఊళ్లో చెరువుంది, వంక ఉంది, చూసి రాయి అన్నాను. ఏడ్చింది. ఏడుపయ్యాక నాయన కాలం నాటి వానల పుస్తకాలు ముందు పెట్టి, ఏ ఏడు ఎంత కురిసిందో వెతకమన్నాను.

వాన 0.40.

9, శనివారం

0.85.

మూడేళ్ల తర్వాత చెరువు నిండుతోంది. మొరవ పారిన రోజు బడికి సెలవు. అది నాయన పెట్టిన రూలు. చెరువులో మిగులు నీళ్లు కట్ట చివరి రాతి మొరవ మీదుగా వంకలోకి దూకేవి. ఆ చప్పుడు బడి దాకా వినిపించేది. లెక్క సగంలో ఉన్నా నాయన సుద్దముక్క కింద పెట్టేవాడు. ఇంకేం, నా నేస్తం ఆదిలక్ష్మి, నేను చెయ్యి చెయ్యి పట్టుకుని పరుగు. ఆడవాళ్లు గంగమ్మకని పసుపు కుంకుమ నీళ్లలో వదిలేవాళ్లు. మేమిద్దరం పసుపు ముద్దలు వదిలి, ఎవరిది ముందు కరుగుతుందో పందెం వేసుకునేవాళ్లం. ఎప్పుడూ ఆదిలక్ష్మే గెలిచేది. ముద్ద మధ్యలో ఉప్పు పెట్టేదని పెళ్లయి కట్ట కింది వీధికి కాపురానికి పోయేటప్పుడు చెప్పింది. అప్పుడు దానికి పదిహేడేళ్లు. నాకూ పదిహేడే.

ఇంత నిండినా ఈసారి మొరవ చప్పుడు ఇంకా వినబడలేదు.

10, ఆదివారం

1.10.

వకుళ రెండు పుస్తకాలు పట్టుకొచ్చింది. 1930లో ఒక్కరోజు 7.35 కురిసింది. రిమార్కు: మొరవ పారింది, నష్టం లేదు. 1936 నవంబరు 17న 4.10. రిమార్కు: కట్ట తెగింది, అతివృష్టి. అవ్వా, పెద్ద వానకు తెగకుండా చిన్న వానకు ఎందుకు తెగింది? ఇది నీ రాతే కదా? అని అడిగింది.

పాలు తాగి పడుకో అన్నాను.

11, సోమవారం

0.60.

చెరువు నీళ్లు పంచే నీరుగంటి వెంకటముని వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే కాళ్లు బురద అన్నాడు. అమ్మా, మీ అబ్బయ్య మొరవ మీద ఇసుక మూటలు పేర్పించినాడు, అడుగెత్తు, నేను వద్దంటే నీకేం తెలుసురా అన్నాడు, ఏందో నువ్వే సూడు అన్నాడు. చెప్పి నిలబడకుండా పోయాడు.

మొరవ ఎందుకు పలకడం లేదో తెలిసింది.

అన్నం దగ్గర నా కొడుకు యతిరాజుల్ని అడిగాను. వాడికి చెరువు కింద రెండెకరాలుంది, ఆయకట్టు రైతులందరికీ వాడే పెద్ద. దాచలేదు. మూడేండ్లు కారు పంట ఎండిపోయిందమ్మా, కండ్ల ముందర నీళ్లు వంకలోకి పోతావుంటే సూస్తా కూర్చోమంటావా? ఒక్క అడుగు నిలిస్తే రెండో కారు పండుతుంది అన్నాడు. కట్ట మాటేమిటి అన్నాను. తాత కాలంలోనూ వేసినారంట గదా, అప్పుడు తెగింది అతివృష్టికి, నీ పుస్తకంలోనే ఉండాది అన్నాడు.

నా పుస్తకంలోనే ఉంది.

12, మంగళవారం, మధ్యాహ్నం

గొడుగేసుకుని కట్ట మీదికి వెళ్లాను. వకుళ వెంట వచ్చింది. మూటలు రెండు వరుసలు, నీటుగా, మా నాయన పేర్పించిన గడ్డి పెళ్లల కన్నా నీటుగా ఉన్నాయి. నీళ్లు పై వరుసకు జానెడు కిందున్నాయి. కట్ట నడిమిన దిగబడిన చోట మూరెడు మిగిలింది. వకుళకు చూపించి చెప్పాను. నీళ్లు పోవడానికి కట్టిన దారి మొరవ, అది రాయి, ఎంత పారినా కోసుకుపోదు. కట్ట మట్టి. దాని మీదుగా ఒక్కసారి పారితే కోసుకుంటూ కిందికి దిగుతుంది, గంట నిలవదు. వరద అనేది వాన ఒక్కటే చేసే పని కాదు.

మరి పుస్తకంలో అతివృష్టి అని ఎందుకు రాశావు అంది.

జవాబు చెప్పకముందే మునిరత్నమ్మ ఎదురైంది. ఆమెది కట్ట కింది వీధి, ఇప్పుడక్కడ ముప్పై రెండు ఇళ్లు. ఏం టీచరమ్మా, మీ నీళ్లు బాగుండాయా అని సూసేదానికి వచ్చినావా? మడి మీది, మునిగేది మేము అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

13, బుధవారం

3.20. ఇంకా తగ్గలేదు.

14, గురువారం, సాయంత్రం

ఈ రోజుది వివరంగా రాయాలి.

ఉదయం ఎనిమిదిన్నరకు 2.75. నీళ్లు మూటల పై అంచుకు వచ్చాయని వెంకటముని కేక. తొమ్మిదికి అందరూ బడి వరండాలో చేరారు. బాలల దినోత్సవమని పిల్లలు కట్టిన రంగు కాగితాలు తడిసి, ఆ రంగు గోడ మీదికి కారుతోంది. ఆ గోడకే నాయన ఫోటో.

మూటలు తీయాలి అన్నాను. సగం మంది ఒప్పుకోలేదు. వాన మధ్యాహ్నానికి నిలిచిపోతుంది, తీస్తే మళ్లీ నీళ్లు యాడనుంచి తెచ్చేది అన్నారు. యతిరాజులు, తాత కూడా వేయించినాడు, ఆయన కన్నా నీకు ఎక్కువ తెలుసా, ఆయన ఫోటో ముందర నిలబడి చెప్పు అన్నాడు.

ఫోటో ముందే నిలబడ్డాను. చెప్పాను. 1936లో నాయన మొరవ మీద అడుగెత్తు గడ్డి పెళ్లలు వేయించాడు. కురిసింది నాలుగంగుళాలు, అది ఈ చెరువుకు లెక్కలోది కాదు. నీళ్లకు మొరవ మీద దారి లేక కట్ట మీదుగా పోయాయి. పదకొండు ఇళ్లు పోయాయి. ఆదిలక్ష్మి పోయింది. ఆ సాయంత్రమే తాలూకా ఆఫీసుకు రిపోర్టు వెళ్లాలి. నాయన రాయబోయి ఆగాడు. నా చేతికి కలం ఇచ్చి, రాయమ్మా, అతివృష్టి అన్నాడు. నేను రాశాను. అక్షరాలు చక్కగా గుండ్రంగా ఉన్నాయి. కావాలంటే చూడండి అని పుస్తకం బల్ల మీద పెట్టాను.

ఎవరూ పుస్తకం ముట్టుకోలేదు. యతిరాజులు, పదిమందిలో తాత పరువు తీసినావే అన్నాడు.

శాంతయ్య నా దగ్గర చదివినవాడే, పలకలు పగలగొట్టడంలో ఫస్టు. అమ్మా, ఒక్క తప్పు రాస్తే మాకు నూరుసార్లు ఇంపోజిషన్ ఇస్తా ఉంటివే, మరి నీకెవరిస్తారు? అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మునిరత్నమ్మ మాత్రం కొంగు నడుముకు బిగించింది. ఇంపోజిషన్ మళ్లా రాస్తాది లేప్పా, ముందు మూటలు ఎత్తండి, నా కోడలు నెలలు నిండి ఉండాది అంది.

అంతే. ఆ మాటతో అందరూ లేచారు.

వెంకటముని పద్ధతి చెప్పాడు. ఒక్కసారిగా తీస్తే వంక పొంగి కింది ఊరి మీద పడుతుంది. ముందు సైకిల్ మీద కింది ఊరికి కబురు. తర్వాత కట్ట కింది ముప్పై రెండు ఇళ్లవాళ్లు బడిలోకి. ఆ తర్వాత ఒక చివర నుంచి, వరుస తర్వాత వరుస. మొదటి మూట యతిరాజులు ఎత్తాడు. నా వైపు చూడలేదు. రెండో వరుస సగంలో ఉండగా కట్ట దిగబడిన చోట తడి మెరిసింది. తీసిన మూటలే తెచ్చి అక్కడ అదిమారు. ఏ మూటలు మొరవ మీద తప్పో, అవే కట్ట మీద సరిపోయాయి.

నాలుగు గంటలకు మొరవ చప్పుడు మొదలైంది. బడిలో ఉన్నవాళ్లందరం విన్నాం. చేతిలో సుద్దముక్క లేదు, అయినా కింద పెట్టాలన్నట్టు నా చెయ్యి వంగింది.

15, శుక్రవారం, ఎనిమిదిన్నర

1.90. కట్ట నిలిచింది. తిరుపతి బస్సు రాలేదు.

జరగవలసినవి:

1. కట్ట దిగబడిన చోట ఎండలు రాగానే మట్టి వేసి దిమ్మిసతో గట్టిగా అదమాలి. ఆ పని అయ్యేదాకా కింది వీధివాళ్లు బడిలోనే ఉండాలి.

2. మొరవ రాయి మీద గీత కొట్టించాలి. దాని పైన మూట గాని, గడ్డి పెళ్ల గాని పెట్టకూడదు. ఎవరి కొడుకైనా సరే.

3. యతిరాజులు నాతో మాట్లాడడం లేదు. నేనే ముందు పలకరించాలి.

4. వకుళ కాంపోజిషన్‌లో కాజెస్ నాలుగే రాసింది. ఐదోది దాని ఇష్టం. నేను దిద్దకూడదు.

5. 1936 నవంబరు 17. అతివృష్టి కొట్టివేయాలి, నా చేత్తోనే, వకుళ చూస్తుండగా. రిమార్కు గడిలో నాలుగు మాటలు పడతాయి. ఆదిలక్ష్మి పేరుకు చోటుంది.