కొట్టేసిన అంకె

సార్,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ల్యాబ్‌లో మీ ఫొటోకి దండ వేశారు. నేను దణ్ణం పెట్టలేదు.

మిరపకాయల్లో బూజు వల్ల పుట్టే విషం ఎంతుందో చూసే పని నాకు నేర్పింది మీరే. ఒక్కో బస్తాలో ఐదు చోట్ల కాయలు తీసి, వేరువేరుగా పొడి చేసి, అందులోంచి విషాన్ని విడదీసి కొలిచే మెషిన్‌కి ఎక్కించేదాన్ని. నాలుగు అంకెలు దగ్గరదగ్గరగా ఉండి ఒకటి బాగా ఎక్కువొస్తే చాలు, అందరి ముందూ అనేవారు.

"నీ చెయ్యి వణికిందమ్మాయ్, దాన్ని కొట్టెయ్."

కొట్టేసేదాన్ని. ఇంట్లో చారు వడ్డించేటప్పుడు కూడా నా చేతి వంకే చూసుకునేదాన్ని.

ఈమధ్య మాకు స్టాటిస్టిక్స్ నేర్పడానికి మంగళగిరి నుంచి ఒక మేడమ్ వస్తున్నారు. పొద్దున నేను ఒక అంకె మీద గీత పెట్టబోతుంటే ఆపారు.

"ఎందుకు కొట్టేస్తున్నారండీ?"

"మిగతావాటితో కలవలేదండీ."

"బూజు బస్తా అంతా సమానంగా పడుతుందా? కాయ విరక్కుండా నీళ్లు చల్లి బస్తాల్లోకి తొక్కుతారుగా. తడి నిలిచిన మూలే పడుతుంది. ఆ మూల కాయలే మళ్లీ తీసి చూడండి."

చూశాను. మళ్లీ అంతే వచ్చింది. ఇంకోసారి చేసినా అంతే. సరుకు ఆపించాను.

నీళ్లు చల్లే సంగతి మీకు తెలియదా సార్? మిర్చి యార్డు పక్కనే పుట్టి పెరిగిన మనిషి మీరు. సరుకు కదలాలి, కంపెనీ ఓనరు అరవకూడదు. అందుకు మీకు నా చెయ్యి దొరికింది.

ఇవాళ నా చెయ్యి వణకలేదు సార్. అప్పుడూ వణకలేదు.