నాయన మగ్గాన్ని హోటలుకు ఇవ్వొద్దక్కా

పార్వతక్కకు నమస్కారాలు. ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ చీరల మూటతో ఇంకా హిందూపురం ఎండలోనే తిరుగుతున్నారా? మేం బాగున్నాం. చలి తప్ప ఏ ఇబ్బందీ లేదు, బాగానే ఉన్నాం. ఫోన్లో నువ్వు నన్ను సగం మాట కూడా చెప్పనివ్వవు, అందుకే ఉత్తరం.

నాకు పని దొరికిందని చెప్పాను కదా, అది నూరేళ్ల కిందటి పట్టు మిల్లు. ఇప్పుడు మ్యూజియం చేశారు. ఆ రోజుల్లో ఓడలెక్కి ఏయే దేశాల నుంచో అమెరికా వచ్చిన ఆడపిల్లలు పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా ఇందులో నేసేవాళ్లట. నాకు ఆ కాలపు పొడుగు గౌను, తాళ్ల బూట్లు వేసి, చూడవచ్చిన వాళ్లకు మగ్గం నడిపి చూపించమన్నారు.

మొదటి రోజే నవ్వులపాలయ్యాను. మగ్గం దగ్గరికి పోగానే బూట్లు విప్పేసి, దాన్ని తాకి కళ్లకద్దుకున్నాను. "చెప్పులేసుకుని మగ్గం కాడికి వస్తాండావేమే?" అని నాయన గద్దించినట్టే అనిపించింది, ఆయన పోయి మూడేళ్లయినా. అక్కడున్న స్కూలు పిల్లలేమో 'ఆ కాలం ఆడవాళ్లు బూట్లు విప్పి మగ్గానికి మొక్కేవాళ్లు' అని నోటుబుక్కుల్లో రాసేసుకున్నారు! మా మేనేజరమ్మ నవ్వి నవ్వి, ఆ మాట అందరి చేతా కొట్టేయించింది.

గోడ మీద ఆ మిల్లు పిల్లల ఫోటోలున్నాయి. అందరి తల మీదా ఒకటే పూల టోపీ. ఉన్న ఒక్క టోపీనే వంతులేసుకుని పెట్టుకుని, ఫోటో దిగి, సుఖంగా ఉన్నామని ఇంటికి పంపేవాళ్లట. నేను పంపిన ఫోటోలో ఎర్రకోటు చూసి మురిసిపోయావే, అది మేనేజరమ్మది. కోప్పడకు. నాకూ ఒకటుంది, పాతది.

ఇక అసలు సంగతి. నాయన మగ్గాన్ని బెంగళూరు హోటలు వాళ్లు అలంకారానికి అడిగారని, "ఊరికే పడుండాది, ఇచ్చేస్తాం లేవే" అన్నావు. వద్దక్కా. ఇక్కడ మగ్గాల చుట్టూ తాడు కట్టారు. నేను నేసిన గుడ్డ ఎవరూ కట్టుకోరు. సాయంత్రం కత్తిరించి పెట్టెలో పడేస్తారు.

ఎప్పటికైనా వచ్చి నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలని నా ఆశ. మన ధర్మవరం ఇల్లు తలచుకుంటే ముందు ఆ గుంతే గుర్తొస్తుంది. అయినా నా కోసం ఖాళీగా ఉంచొద్దు. పక్కింటి లక్ష్మీదేవి సొంత మగ్గం లేక కూలికి పోతోందన్నావు. మనింట్లోనే కూర్చుని నేసుకోమను.

అవ్వకు, బావకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు.

లక్ష్మీదేవి నేయడం మొదలుపెట్టాక ఒక ఆదివారం ఫోన్ చేస్తాను. ఏమీ మాట్లాడొద్దు. ఫోను మగ్గం పక్కన పెట్టి నీ పని చూసుకో.

నీ చెల్లెలు,
సుజాత